గుర్రం మీద మాకు ఫిర్యాదు లేదు, మీ బోర్డు మీదే ఉంది

రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ, పశుసంవర్ధక శాఖ అధికారులకు, సైకియాట్రిస్టులకు, సైకాలజిస్టులకు, 'హార్స్ థెరపీ' పేరుతో సెంటర్లు నడుపుతున్నవారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. మా అమ్మాయికి పదిహేడేళ్లు. ఇంటి విషయం ఇలా నలుగురిలో పెట్టాలని నాకేం సరదా లేదు. గుర్రాలతో మనసు జబ్బు తగ్గిస్తామనే ఒక 'హార్స్ థెరపీ' సెంటర్ మీద నాలుగు నెలల్లో మూడు ఆఫీసుల్లో అర్జీలు ఇచ్చాను. ఒక చోట "గుర్రాలంటే పశువుల డిపార్ట్‌మెంట్ కదమ్మా" అన్నారు. అక్కడికి వెళ్తే "గుర్రానికి జబ్బు చేస్తే మేం చూస్తాం గానీ మీ పాప సంగతి మాకేం తెలుస్తుంది" అన్నారు. మూడో చోట అర్జీ తీసుకుని, నకలు మీద స్టాంపు కొట్టి ఇచ్చారు. ఆ కాగితం మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది, పాల ప్యాకెట్ తీసినప్పుడల్లా కనబడుతుంది. జవాబు మాత్రం ఇంతవరకు లేదు.

ముందు జరిగింది చెబుతాను.

మా అమ్మాయిని ఇంటర్ ఫస్టియర్‌లో హాస్టల్లో వేశాం. అందరిలాగే. దసరా సెలవులకు వచ్చిన పిల్ల మళ్లీ వెళ్లనంది. మారాం చేస్తోందనుకున్నాం. తర్వాత గుండె దడ, చేతులు చల్లబడిపోవడం, పుస్తకం తెరిస్తే వాంతి వచ్చేలా ఉందనడం, చివరికి మాటే తగ్గిపోయింది. సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. యాంగ్జయిటీ, డిప్రెషన్ రెండూ ఉన్నాయని చెప్పి మాత్రలు రాశారు, వారానికోసారి కౌన్సెలింగ్ పెట్టారు. రెండు నెలలకు కొంచెం తేడా కనబడింది. "నిదానంగా తగ్గుతుందమ్మా" అన్నారు డాక్టరు. అదిగో, ఆ నిదానమే మా వల్ల కాలేదు.

అప్పుడే బంధువు ఒకాయన వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. పచ్చగడ్డి, తెల్ల గుర్రం, దాని మెడ చుట్టూ చేతులు వేసుకుని నవ్వుతున్న పాప. కింద 'డిప్రెషన్‌కు మందుల్లేని పరిష్కారం' అని. నగర శివార్లలో సెంటర్. పన్నెండు సెషన్ల ప్యాకేజీ ముప్పై ఆరు వేలు, ముందే కట్టాలి. కట్టాం.

ఇప్పుడు నిజం చెప్పాలి, లేకపోతే ఈ లేఖకు విలువుండదు. గుర్రం మా పిల్లకు మంచే చేసింది. దాని పేరు రాణి. తెల్ల ఆడగుర్రం, వయసు మళ్లింది. దాన్ని చూసుకునే సైసు ఒక పెద్దాయన, మా అమ్మాయి ఆయన్ని చాచా అనేది. మొదటి రోజు ఆయన చెప్పింది నాకింకా గుర్తుంది: "ఎదురుగ పోవద్దు బిడ్డా, ఎనక నుంచి అసలే పోవద్దు. పక్క నుంచి పో. దానికి నువ్వు కనబడాలె, అప్పుడే నిన్ను నమ్ముతది." గుర్రానికి సరిగ్గా ముక్కు ముందర, తోక వెనకాల ఉన్నది కనబడదట. మా పిల్ల పక్క నుంచి వెళ్లింది, బ్రష్షు తీసుకుని మాలీసు చేసింది, ఇరవై నిమిషాలు ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. ఉన్నట్టుండి దాని పొట్టకు చెవి ఆనించి "అమ్మా, లోపల సౌండ్ వస్తోంది, ఏమన్నా అయిందా దీనికి?" అంది. వారం రోజుల్లో అది తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న. చాచా నవ్వి, సౌండ్ వస్తే మంచిదే, రాకపోతేనే భయపడాలి, పేగులు పనిచేయట్లేదని లెక్క అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా మా అమ్మాయి ముందు పొట్ట దగ్గర చెవి పెట్టి వినేది. తన దడ తాను చూసుకుంటూ కూర్చునే పిల్ల ఇంకో ప్రాణి లోపల ఏం జరుగుతోందో వినడం మొదలుపెట్టింది. దాన్ని ఏమంటారో డాక్టర్లే చెప్పాలి. నాకైతే ముప్పై ఆరు వేలు ఆ రోజే వసూలైనట్టు అనిపించింది.

నాలుగో సెషన్ తర్వాత సెంటర్ నడిపే ఆయన మమ్మల్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టాడు. ఆయన కార్డు మీద 'ఈక్విన్ థెరపిస్ట్', అంటే గుర్రాలతో చికిత్స చేసేవాడు, అని ఉంటుంది. "మాత్రలు మెదడును మొద్దుబారుస్తాయి, గుర్రం పనిచేయాలంటే పిల్ల ఫ్రీగా ఉండాలి, ఆపేయండి" అన్నాడు. డాక్టర్ని అడగాలి కదా అంటే "వాళ్లు ఆపమని ఎందుకంటారు మేడమ్" అని నవ్వాడు. తప్పు మాదీ ఉంది. ఆ మాట ఎవరైనా అంటారా అని ఎదురుచూస్తున్నట్టే ఉన్నాం మేము. ఆపేశాం. నాలుగు రోజులకు తల తిరగడం, నిద్ర లేకపోవడం, తలలో కరెంటు షాక్ కొట్టినట్టుందని ఏడవడం. తొమ్మిదో రోజు రాత్రి ఒంటిగంటకు క్యాజువాలిటీకి పరిగెత్తాం. డ్యూటీ డాక్టరు చిన్నమ్మాయి, తిట్టలేదు. ఈ మందులు ఆపాలన్నా కొంచెం కొంచెంగా తగ్గించాలి, ఒక్కసారిగా ఆపితే ఇలాగే అవుతుంది, పైగా అసలు జబ్బు తిరగబెడుతుంది అని ఓపిగ్గా చెప్పింది. మళ్లీ మొదటికి వచ్చి నిలబడ్డాం.

సెంటర్ ఆయనకు ఫోన్ చేస్తే సంతకం పెట్టిన ఫారం చదువుకోమన్నాడు. చదివాను. బోర్డు మీద థెరపీ, వీడియోలో థెరపీ, కార్డు మీద థెరపీ. ఫారంలో, రసీదులో మాత్రం 'వినోదం కోసం గుర్రపు స్వారీ' అని చిన్న అక్షరాల్లో ఉంది. ఆయన సర్టిఫికెట్ ఏమిటని ఆరా తీస్తే, రెండు రోజుల ఆన్‌లైన్ వర్క్‌షాప్.

లెక్కల టీచర్ని కాబట్టి ఆ తర్వాత కూర్చుని అంకెలు వెతికాను. దొరికినవి ఇవీ.

గుర్రం సాయం పడుతుందన్నది ఊహ కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో లిస్ హార్టెల్ అనే డెన్మార్క్ ఆవిడ గుర్రపు స్వారీలో వెండి పతకం గెలిచింది. 1944లో పోలియో వచ్చి మోకాళ్ల కింద చచ్చుబడిన మనిషి, గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఇంకొకరు పట్టుకోవాలి. వికలాంగులకు స్వారీ నేర్పే సంఘాలకు ఆమె గెలుపు పెద్ద ఊపు. 1969లో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ అలాంటి సంస్థలు ఏర్పడ్డాయి. గుర్రం నడుస్తుంటే దాని మీద కూర్చున్నవాళ్ల నడుం మనం నడిచినప్పుడు కదిలినట్టే కదులుతుంది, అందుకే దాన్ని ఫిజియోథెరపిస్టులు వాడతారు. అది శరీరానికి సంబంధించిన సంగతి. మనసుకు సంబంధించినది వేరే. 1999లో అమెరికాలో మొదలైన ఈగాలా అనే సంస్థ పద్ధతిలో అసలు గుర్రం ఎక్కడమే ఉండదు, అంతా నేల మీదే. లైసెన్సున్న మానసిక నిపుణుడు ఒకరు, గుర్రాల స్వభావం తెలిసిన మనిషి ఇంకొకరు, ఇద్దరూ అక్కడ ఉండి తీరాలి. మేము వెళ్లిన చోట గుర్రం తెలిసిన చాచా ఉన్నాడు. రెండో మనిషే లేడు, ఆ కుర్చీలో కార్డు కూర్చుంది.

పరిశోధనలు కూడా చూశాను. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరు నుంచి పదహారేళ్ల వయసున్న 127 మంది ఆటిజం పిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు పది వారాలు స్వారీ, రెండో గుంపుకు గుర్రాల్లేకుండా అదే లాయంలో ఇతర పనులు పెట్టారు. స్వారీ చేసిన పిల్లల్లో చిరాకు, అతిచురుకుదనం తగ్గాయి, మాటలు పెరిగాయి. 2021లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీ వాళ్లు పీటీఎస్‌డీతో, అంటే భయంకర అనుభవాల తర్వాత మనసును వదలని జబ్బుతో, బాధపడుతున్న 63 మంది మాజీ సైనికులతో ఎనిమిది వారాలు చేసి చూశారు, దాదాపు సగం మందికి బాగా తగ్గింది, కానీ పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు. వీటికి ముందు 2014లో, అప్పటికున్న పద్నాలుగు అధ్యయనాలను జల్లెడ పట్టినవాళ్లయితే, మానసిక జబ్బులకు చికిత్సగా దీన్ని జనానికి అమ్మడానికి ఈ ఆధారాలు చాలవని తేల్చి చెప్పారు. మొత్తం మీద నాకు అర్థమైంది ఏమిటంటే, చికిత్స పక్కన గుర్రాన్ని పెట్టుకోవచ్చు, చికిత్స తీసేసి ఆ చోట్లో గుర్రాన్ని పెట్టకూడదు.

ఇక మామూలు జనం మీద పడుతున్నది ఏమిటో అంకెలు వేసి చెబుతాను.

1. మందులు ఆగిపోతున్నాయి. మా ఒక్క ఇంట్లోనే అనుకున్నాను. ఈ సంగతి స్టాఫ్ రూంలో చెప్పుకుని ఏడిస్తే ఇంకో ఇద్దరు టీచర్లు తమ చుట్టాల్లో ఇలాంటివే చెప్పారు, ఒకరిది గుర్రం కాదు, ఇంకేదో. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఒక నియమం ఉంది, మానసిక ఆరోగ్య నిపుణులు తమ వృత్తి పరిధి దాటి మందు గానీ చికిత్స గానీ సూచించకూడదని. చదువుకున్న నిపుణుడికే ఆ హద్దు గీసినప్పుడు, నిపుణుడే కానివాడు మందులు ఆపమంటే అడిగే దిక్కెవరు?

2. ఇదే చట్టం కింద మానసిక ఆరోగ్య కేంద్రాలు రిజిస్టర్ చేసుకోవాలి. కానీ ఆ కేంద్రం అంటే రోగులను చేర్చుకుని ఉంచే చోటు. గంటసేపు వచ్చి గుర్రం దగ్గర నిలబడి వెళ్లిపోయే చోటు ఆ లెక్కలోకి రాదని అధికారులే నాకు చెప్పారు. అంటే ఇక్కడ జనం తెలివితక్కువతనం ఏమీ లేదు, చట్టంలో సందు ఉంది, అందులోంచి గుర్రం పట్టేంత దారి ఉంది.

3. డబ్బు. ముప్పై ఆరు వేలు మాకు రెండు నెలల ఇంటి ఖర్చు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన సామెతే ఉంది, గుర్రాన్ని పోషించడం ఖరీదైన పనే, ఫీజు వసూలు చేయడాన్ని నేను తప్పుపట్టను. కానీ రసీదు మీద 'వినోదం' అని ఉంటే ఏ ఇన్సూరెన్సూ పైసా ఇవ్వదు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామన్నా మన కాగితమే మనకు అడ్డం. మానసిక జబ్బుకూ శరీర జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలని చట్టం చెబుతోంది, ఆ హక్కు వాడుకునే దారిని ఇక్కడ మన సంతకంతోనే మూయిస్తున్నారు.

4. దెబ్బలు, జబ్బులు. గుర్రం నాలుగైదు వందల కిలోల జంతువు. పుట్టుకతో వచ్చే డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లలకు మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది, పరీక్ష చేయకుండా గుర్రం ఎక్కిస్తే ప్రమాదం. అదుపులో లేని ఫిట్స్ ఉన్నవాళ్లకూ అంతే. మమ్మల్ని ఆ ప్రశ్నలేవీ అడగలేదు. మా ముందు సెషన్‌లో ఒక బాబు హెల్మెట్ లేకుండానే ఎక్కాడు. ఇక గ్లాండర్స్ అనే బ్యాక్టీరియా జబ్బు గుర్రాల నుంచి మనుషులకు కూడా వస్తుంది, టీకా లేదు. రక్త పరీక్ష చేయించి నిర్ధారించుకోవడానికి హర్యానాలోని హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. రాణికి ఆ పరీక్ష ఎప్పుడు చేశారని అడిగితే "మా గుర్రాలన్నీ హెల్తీ మేడమ్" అన్నారు.

5. గుర్రం సంగతి కూడా చెప్పాలి. ఒక ఆదివారం పొద్దున వెళ్లాం. రాణి చెవులు వెనక్కి పెట్టుకుని నిలబడింది, మాలీసు చేయబోతే పక్కకు జరిగింది. మా అమ్మాయి జూలు దువ్వుతుంటే వెండి రంగు మెరుపు కాగితం ముక్కలు రాలాయి. ముందు రాత్రి బారాత్‌కు పంపారట. డీజే, టపాసులు, మీద పెళ్లికొడుకు. తెల్లవారితే థెరపీ. "ఇది భయపడి ఉందమ్మా, ఇవాళ వద్దు" అని మా పిల్లే లాయం బయటికి వచ్చేసింది. భయంతో వణికే గుర్రం దగ్గరికి భయంతో వణికే పిల్లను పంపడం ఏ వైద్యమో నాకు తెలియదు. ఆ రోజు సెషన్ డబ్బు కూడా కోసుకున్నారు, అది వేరే విషయం.

6. అందరికంటే ఎక్కువ నష్టం డాక్టరు దొరకనివాళ్లకు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మానసిక జబ్బులున్నవాళ్లలో చికిత్స అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం. దేశంలో లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. అలాంటి చోట ఫోన్‌లో కనబడే వీడియోనే డాక్టరైపోతుంది. నెలకోసారి బస్సెక్కి పట్నం వచ్చి మాత్రలు తీసుకెళ్లే మనిషికి 'మందుల్లేని పరిష్కారం' అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు, నేను కారులో వెళ్లి కూడా పడిపోయాను.

సెంటర్లు నడిపేవారికి ఒక మాట. మీలో అందరూ ఇలాంటివారని అనను. నిజంగా గుర్రాలంటే ప్రేమతో చేసేవాళ్లు ఉంటారు. కానీ గుర్రం తెలియడం, మనసు తెలియడం రెండు వేరు విద్యలు. పాడేరు ఏజెన్సీలో గుర్రం మీద సంతకు సరుకు మోసుకొచ్చే గిరిజన రైతుకు గుర్రం సంగతి రెండు రోజుల సర్టిఫికెట్ కంటే బాగా తెలుసు, ఆయన ఎవరికీ డిప్రెషన్ తగ్గిస్తానని బోర్డు పెట్టలేదు.

మా డిమాండ్లు ఇవి.

1. 'థెరపీ' అని బోర్డు పెట్టినవాళ్లు రసీదు మీద కూడా థెరపీ అనే రాయాలి. లేదా రెండు చోట్లా స్వారీ అనే రాయాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు, ఈ వారమే ఇవ్వొచ్చు.

2. మానసిక జబ్బున్నవాళ్లతో గుర్రం దగ్గర చేసే ప్రతి సెషన్‌లో, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు గానీ సైకియాట్రిస్టు గానీ అక్కడ ఉండాలి. వీడియో కాల్‌లో ఉంటే కుదరదు. నమోదు నంబరు గోడ మీద పెట్టాలి. పక్కనే సైసు పేరు, అనుభవం కూడా పెట్టండి, ఆయన లేకుండా ఏదీ జరగదు, ఆయన పేరు మాత్రం ఏ వీడియోలోనూ ఉండదు.

3. చికిత్స చేస్తున్న డాక్టరు రాతపూర్వకంగా సరేనంటేనే చేర్చుకోవాలి. మందుల గురించి సెంటర్ వాళ్లు నోరెత్తకూడదు. ఎత్తితే సెంటర్ మూయాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను.

4. ప్రతి గుర్రానికి గ్లాండర్స్ పరీక్ష కాగితం, పశువైద్యుడు చూసిన తేదీ, రోజుకు ఎన్ని గంటలు పని చేయిస్తున్నారో రాసిన పుస్తకం ఉండాలి, ఎవరడిగినా చూపించాలి. రాత్రి బారాత్‌కు వెళ్లిన గుర్రాన్ని మర్నాడు రోగుల దగ్గరికి తీసుకురాకూడదు. పశుసంవర్ధక శాఖవారూ, ఇది మీ పనే.

5. ఇది నిజంగా పనికొస్తుందనుకుంటే డబ్బున్నవాళ్లకే ఎందుకు? హైదరాబాద్ పోలీసుల దగ్గర గుర్రపు దళం ఉంది, ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. వారానికి ఒక్క పొద్దున, శిక్షణ పొందిన రెండు నెమ్మదైన గుర్రాలు, వాటి సైసులు, ఆసుపత్రి సైకాలజిస్టు, పదిమంది రోగులు. ఒక ఏడాది చేసి, గుర్రం లేని ఇంకో గుంపుతో పోల్చి, లెక్కలు బయటపెట్టండి. పనిచేయకపోతే పనిచేయలేదని చెప్పండి, దానికీ విలువుంది. విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి ఉంది, ఆర్కే బీచ్‌లో ఎండలో నిలబడి ఫొటోలకు ఫోజిచ్చే గుర్రాలూ ఉన్నాయి. వాటికీ కాస్త నీడ దొరుకుతుంది.

6. ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో ఒక్క ఆఫీసు పేరు చెప్పండి. ఒక్కటే. నేను తిరిగినట్టు ఇంకో తల్లి మూడు మెట్లు ఎక్కి దిగకూడదు.

సైకియాట్రిస్టులకు కూడా ఒక విన్నపం. మీ దగ్గర మాకు దొరికేది పది నిమిషాలు. ఆ పదిలో ఒక్క నిమిషం "బయట ఇంకేమైనా చేస్తున్నారా" అని చిరాకు పడకుండా అడగండి. మేము చెప్పకుండా దాచేది మీరు తిడతారనే. మా డాక్టరు ఆ రాత్రి తర్వాత అడిగారు, అప్పుడు గుర్రం సంగతి మొత్తం విన్నారు, పొట్టకు చెవి పెట్టి వినడం దగ్గర ఆగి రాసుకున్నారు కూడా.

ఇది చదివే తల్లిదండ్రుల్లో ఎవరైనా అర్ధరాత్రి మాలాగా దిక్కుతోచక ఉంటే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మాత్రలు మాత్రం డాక్టర్ని అడగకుండా ఆపొద్దు.

ఇప్పుడు మా అమ్మాయి మళ్లీ మందుల మీద ఉంది. ఇంటి నుంచే కాలేజీకి వెళ్తోంది, వారంలో నాలుగు రోజులు. మిగిలిన సెషన్ల డబ్బు తిరిగి రాలేదు, అడగడం మానలేదు. అర్జీలన్నీ, రసీదు, ఫారం ఈ లేఖతో పాటు మళ్లీ పంపుతున్నాను. నెల రోజులు చూస్తాను. తర్వాత సమాచార హక్కు కింద ఈ ఆరు డిమాండ్లనే ఆరు ప్రశ్నలుగా మార్చి అడుగుతాను.

ఇట్లు,
ఒక ఇంటర్ అమ్మాయి తల్లి,
హైదరాబాద్

తా.క.: ఈ లేఖ మా అమ్మాయి చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను. ఒక్క చోట దిద్దింది. రాణి తెల్ల గుర్రం కాదట. నీళ్లు పోసి తడిపితే వెంట్రుకల కింద చర్మం నల్లగా కనబడుతుందట, అలాంటివాటిని గ్రే అనాలట. చాచా చెప్పాడట. అది కూడా రాయమంది.